మన పిల్లలు, వాళ్ల పిల్లలు, ఒకే చట్టం
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా థింసా చూశాం. డప్పు, కిరిడి మోగుతుంటే కాళ్లు ఆగలేదు. ఇలాంటి సభలో కోర్టులు, జైళ్లు, బెయిళ్ల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. సంస్కృతి గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. కానీ ఈ వలయంలో చేయీ చేయీ పట్టుకుని ఆడాల్సిన కుర్రాళ్లలో కొందరు ఈ రోజు విశాఖపట్నం సెంట్రల్ జైలులో ఉన్నారు. ఏ పంచాయతీ పేరు చెప్పినా, అక్కడి నుంచి ఒకడైనా లోపల ఉన్నాడని మీకే తెలుసు. అందుకే నాకిచ్చిన సమయాన్ని దీనికే వాడుకుంటాను.

చట్టం ముందు అందరూ సమానమే అని రాజ్యాంగం 14వ అధికరణం చెబుతోంది. స్కూల్లో మీరూ చదువుకున్నారు. అది అబద్ధమని నేను అనను. అది ఎక్కడ నిజమవుతుందో, ఎక్కడ కాకుండా పోతుందో చూపిస్తాను.

2024 మే 19 తెల్లవారుజామున పుణెలో ఒక ఖరీదైన పోర్షే కారు బైకును గుద్దింది. బైకు మీద వెళుతున్న ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు చనిపోయారు. కారు నడిపింది పదిహేడేళ్ల కుర్రాడని పోలీసులు చెప్పారు. అతను పెద్ద బిల్డరు కొడుకు. అదే రోజు బాలల న్యాయమండలి బెయిలు ఇచ్చింది. పెట్టిన షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయడం. దేశమంతా గొడవయ్యాక అతన్ని అబ్జర్వేషన్ హోముకు పంపారు. పెద్ద సెక్షన్లు చేర్చారు. రక్త నమూనా మార్చారన్న ఆరోపణ మీద ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్లను అరెస్టు చేశారు. జూన్ చివర్లో బొంబాయి హైకోర్టు కుర్రాడిని విడుదల చేయమంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో చట్టం మెత్తగా ఉండటం తప్పు కాదు, ఉండాలి కూడా. ఆ కుర్రాడికి బెయిలు ఎందుకిచ్చారన్నది నా ప్రశ్న కాదు. అదే మెత్తదనం మన పదిహేడేళ్లవాడికి దొరుకుతుందా అన్నదే నా ప్రశ్న.

మన కుర్రాడిని ఒకణ్ణి ఊహించుకోండి. గూడెంకొత్తవీధి కావచ్చు, ముంచంగిపుట్టు కావచ్చు. పదో తరగతి తప్పాడు. ఎవడో వచ్చి, ఈ మూట కొండ దాటించి రోడ్డు దగ్గర పెట్టు, డబ్బులిస్తానన్నాడు. దారిలో పట్టుబడ్డాడు. కాగితాల్లో వయసు దగ్గర పందొమ్మిది అని రాశారు. వాడికి పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదు. అడిగినవాళ్లూ లేరు. అంతే, వాడు మేజరు అయిపోయాడు. పుణె కుర్రాడి వయసు మీద ఎవరికీ అనుమానం రాలేదు. మనవాడి వయసు గురించి ఎవరికీ ఆలోచనే రాలేదు.

చట్టం ఏమంటుందో వినండి. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చడానికి ముందుగా స్కూలు సర్టిఫికెట్ చూడాలి. అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన పత్రం చూడాలి. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆశ్రమ పాఠశాలలో మీ అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది, అందులో పుట్టిన తేదీ ఉంటుంది. ఆ ఒక్క కాగితం పదేళ్ల జైలుకూ ఇంటికీ మధ్య తేడా కావచ్చు. 'నేరం జరిగిననాటికి నేను మైనరును' అన్న వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, శిక్ష పడ్డాక కూడా లేవనెత్తవచ్చు. ఆ మాట అదే చట్టం 9వ సెక్షన్‌లో ఉంది. బెయిలు విషయం 12వ సెక్షన్ కింద చూడాలి. మీ ఊరి నుంచి జైలుకెళ్లినవాళ్లలో ఎంతమంది వయసును ఇలా సరిచూశారో ఒక్కసారి ఆలోచించండి.

ఇప్పుడు గంజాయి చట్టం సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. మన మన్యం యువతను జైలుకు పంపుతున్న చట్టాల్లో ఇదే పెద్దది.

1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం గంజాయిని బరువును బట్టి మూడు రకాలు చేసింది. కిలో లోపు చిన్న మొత్తం, శిక్ష ఏడాది వరకు. కిలో నుంచి 20 కిలోల వరకు మధ్య రకం, పదేళ్ల వరకు పడవచ్చు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అక్కడ కనీస శిక్షే పదేళ్లు, గరిష్ఠం ఇరవై ఏళ్లు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. జడ్జిగారికి జాలి కలిగినా పదేళ్లకు తగ్గించే వీల్లేదు.

అదే నిర్లక్ష్యంగా కారు నడిపి మనిషిని చంపితే? పాత శిక్షా స్మృతి 304ఎ కింద గరిష్ఠం రెండేళ్లు. కొత్త న్యాయ సంహితలో దాన్ని ఐదేళ్లు చేశారు. రెంటిలోనూ కనీస శిక్ష అన్నది లేదు. పాత చట్టం కింద జరిమానాతోనే వదిలిపెట్టే వీలుండేది. కారు ఉన్నవాడు చేసే నేరానికి జడ్జి చేతులు విప్పి ఉంచారు. మూట మోసేవాడి నేరానికి కట్టేశారు. ఇది పోలీసులు చేసింది కాదు, ఒక జడ్జి చేసింది కాదు. చట్టం రాసేటప్పుడే జరిగిపోయింది.

20 కిలోలంటే మనవాళ్లు మోసే ఒక మూట. మూటను బట్టే కొలత పెట్టారా అనిపిస్తుంది! పైగా ఆ బరువు ఎలా తూస్తారు? చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. విడిగా ఉన్న ఆకు, గింజ గంజాయి కిందికి రావు. 2వ సెక్షన్‌లో ఆ నిర్వచనం స్పష్టంగా ఉంది. ఆకు, కాడ, గింజ, తడి, గోనెసంచి అన్నీ కలిపి 21 కిలోలని రాశారనుకోండి. వేరుచేసి తూస్తే అది 20కి లోపల ఉండొచ్చు. ఒక్క కిలో తేడాతో కనీసం పదేళ్లన్న శిక్ష, పదేళ్ల వరకు అన్న శిక్షగా మారుతుంది. జడ్జి చేతులు విడతాయి. నమూనాలు మేజిస్ట్రేటు ఎదుట తీయాలని 52ఎ సెక్షన్ చెబుతోంది. ఒంటి మీద సోదా చేసే ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు నీకుందని చెప్పాలని 50వ సెక్షన్ చెబుతోంది. మధ్యవర్తుల నివేదికలో ఇవన్నీ జరిగినట్టే రాసి ఉంటుంది. నిజంగా జరిగాయా అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సింది లాయరు. మంచి లాయరు అడుగుతాడు. ఫీజు అందని లాయరు, కేసు కట్ట అదే రోజు చేతికందిన లాయరు ఎంత అడగగలడు?

బెయిలు దగ్గర కూడా అంతే. వాణిజ్య పరిమాణం అయితే 37వ సెక్షన్ అడ్డం పడుతుంది. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొచ్చి మళ్లీ నేరం చేయడని కోర్టుకు తోచాలి. విచారణ మొదలు కాకముందే నిర్దోషిలా కనబడాలన్నమాట. అయినా ఒక తలుపు ఉంది. 180 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే, గడువు పొడిగింపు కూడా లేకపోతే, ముద్దాయికి బెయిలు హక్కుగా వస్తుంది. కానీ ఛార్జిషీటు దాఖలయ్యేలోపే దరఖాస్తు పెట్టాలి. 181వ రోజు ఉదయం లాయరు కోర్టులో ఉండాలి. డబ్బున్నవాళ్ల లాయర్లు క్యాలెండరు మీద గుండ్రం చుట్టి కూర్చుంటారు. మనవాడి తల్లికి ఆ రోజేదో తెలియదు. సాయంత్రం ఛార్జిషీటు పడితే ఆ తలుపు మూసుకున్నట్టే. దీనికోసం పెద్ద చదువులు అక్కర్లేదు. మీ ఫోన్లో రిమాండు తేదీ రాసుకుని, రోజులు లెక్కపెట్టి, లాయరుకు గుర్తుచేస్తే చాలు.

ఇంకొకటి. శిక్ష పడ్డాక మంచి నడవడికకు ప్రభుత్వం శిక్షాకాలం తగ్గిస్తుంది కదా, దాన్ని రెమిషన్ అంటారు. ఎన్డీపీఎస్ చట్టం 32ఎ సెక్షన్ ప్రకారం ఆ అవకాశం లేదు. 2022 ఆగస్టు 15న గుజరాత్‌లో ఏం జరిగిందో గుర్తుందా? 2002 అల్లర్లలో సామూహిక అత్యాచారం, హత్యలు చేసినందుకు యావజ్జీవ శిక్ష పడిన 11 మందిని రెమిషన్ మీద వదిలేశారు. దండలు వేసి స్వాగతం పలికారు. ఆ బాధితురాలు సుప్రీంకోర్టుకు వెళితే 2024 జనవరి 8న కోర్టు ఆ విడుదలను రద్దుచేసి వాళ్లను మళ్లీ లోపలికి పంపింది. అంత ఘోరానికి తగ్గింపు గురించి ఆలోచించే వీలు చట్టంలో ఉంది. మూట మోసిన కూలీకి ఆ ఆలోచనకే వీల్లేదు.

మరి మూట పంపినవాడు? డబ్బు పెట్టినవాడి కోసం 27ఎ సెక్షన్ ఉంది, అక్కడా పది నుంచి ఇరవై ఏళ్లే. కాగితం మీద సమానమే. అయితే ఛార్జిషీటులో వాడి పేరు ఎదురుగా తరచుగా కనిపించే మాట 'పరారీ'. పరారీలో ఉండటానికి కూడా డబ్బు కావాలి తమ్ముడూ. మనవాడు పారిపోతే పారిపోయేది సొంత ఊరికే కదా.

గంజాయి మోసినవాళ్లంతా అమాయకులని నేను చెప్పడం లేదు. తెలిసి చేసినవాళ్లున్నారు. బైకు కొనుక్కోవాలని, 'పైలట్'గా ముందు వెళితే డబ్బులొస్తాయని దిగినవాళ్లూ ఉన్నారు. ఆపరేషన్ పరివర్తన పేరుతో 2021, 2022లో మన కొండల్లో తోటలు నరికారు, లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. అది పోవాల్సిన పంటే. మీకు ఎవరైనా మూట ఇస్తే అది నీ బరువు కాదు, పదేళ్ల బరువు అని గుర్తుపెట్టుకోండి. కానీ తప్పు చేసినవాడికి కూడా తప్పుకు తగినంత శిక్షే పడాలి. పక్కవాడికి పడ్డంతే పడాలి.

ఇక జామీను సంగతి. బెయిలు వచ్చింది, ఇద్దరు జామీనుదారులు కావాలి, సాల్వెన్సీ సర్టిఫికెట్ తేవాలి అంటారు. మనకున్న భూమి చాలామందికి అటవీ హక్కుల పట్టా. 2006 చట్టం ప్రకారం అది వారసులకు పోతుంది గాని అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. మన భూమి మన చేయి దాటకుండా కాపాడటానికే అలా పెట్టారు, మంచిదే. కానీ అమ్మకానికి విలువ లేని భూమిని జామీనుకు ఆస్తిగా ఎంత లెక్కిస్తారు? మనల్ని కాపాడే కాగితమే జైలు గేటు దగ్గర చెల్లని కాగితమవుతుంది.

దీని గురించి సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 1978లో మోతీరాం అనే తాపీ మేస్త్రీ కేసు. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పదివేల జామీను అడిగాడు. అన్నదమ్ముడు జామీను ఉంటానంటే వేరే జిల్లా ఆస్తి పనికిరాదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో జామీనును వెయ్యి రూపాయలకు దించారు. సొంత పూచీకత్తు మీద కూడా వదలవచ్చన్నారు. ఒక తెలుగువాడు బస్తర్‌లో అరెస్టయితే స్థానిక జామీను ఎక్కడి నుంచి తెస్తాడని అడిగారు. ఆదివాసీకి సొంత జిల్లాలోనే ధనవంతుడైన జామీనుదారు దొరకడు. ఆ తీర్పు వచ్చి దాదాపు యాభై ఏళ్లు కావస్తోంది. మీ ఊళ్లో ఇప్పటికీ అదే ప్రశ్న.

2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు సుప్రీంకోర్టు జడ్జిల ముందు రాసుకొచ్చిన ప్రసంగం పక్కనపెట్టి హిందీలో మాట్లాడారు. చిన్న చిన్న గొడవలకు ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి, ఇంట్లో గిన్నెలు కూడా అమ్ముకోవాల్సి వస్తుందని విడిపించుకోవడానికి రాని కుటుంబాల గురించి చెప్పారు. సంతాల్ గూడెంలో పుట్టిన మనిషి ఆ స్థానంలో ఉండబట్టే ఆ మాట వచ్చింది. మూడు రోజులకే సుప్రీంకోర్టు, బెయిలు వచ్చినా బయటికి రాలేని ఖైదీల వివరాలు తెప్పించమంది. 2023 జనవరి 31న మార్గదర్శకాలు ఇచ్చింది. బెయిలు వచ్చి వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. నెలలోపు జామీను ఇవ్వలేకపోతే కోర్టే షరతులు సడలించే విషయం చూడవచ్చు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టకూడదు. అదే ఏడాది పేద ఖైదీల కోసం కేంద్రం ఒక పథకం తెచ్చింది. ఆ ఏడాది పెట్టిన నియమాల ప్రకారం విచారణ ఖైదీ బెయిలుకు 40 వేల వరకు, శిక్ష పడినవాడి జరిమానాకు 25 వేల వరకు ప్రభుత్వం కట్టవచ్చన్నారు. జిల్లాలో కమిటీ ఉంటుంది. అడగాలి, అడిగితేనే కదులుతుంది.

జరిమానా అన్నాను కదా. లక్ష కట్టకపోతే అదనంగా జైలు. ఉన్నవాడికి లక్ష ఒక సంతకం, లేనివాడికి ఇంకో ఏడాదో రెండేళ్లో. 2007లో శాంతిలాల్ కేసులో ట్రయల్ కోర్టు, జరిమానా కట్టకపోతే మూడేళ్లు అదనంగా అంది. అతను పేదవాడని చూసి సుప్రీంకోర్టు దాన్ని ఆరు నెలలకు తగ్గించింది. ఎన్డీపీఎస్ కేసే అది. కనీస శిక్ష జోలికి పోలేకపోయినా, ఈ భాగంలో వాదించడానికి చోటుంది.

దేశంలో 2022 చివరికి జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లు. 2011 జనాభా లెక్కల్లో మనం 8.6 శాతం. జైళ్లలో మన వాటా అంతకన్నా ఎక్కువ. ఇది మన నైజమని ఎవరైనా అంటే వాళ్లకు చరిత్ర చెప్పండి. 1871లో బ్రిటిషువాడు పుట్టుకతోనే నేరస్తులంటూ కొన్ని తెగల మీద చట్టం తెచ్చాడు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మన ఎరుకల సోదరుల్ని స్టువర్టుపురంలో సెటిల్మెంటు పెట్టి హాజరు వేయించారు. 1952లో చట్టం పోయింది. ముద్ర మాత్రం పోలేదు. జైలు మాన్యువళ్లలో ఇంకా ఆ తెగల ప్రస్తావన, కులాన్ని బట్టి పనులు పంచే రూళ్లు ఉంటే, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అవి రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. 2024లో! ఒక మహిళా జర్నలిస్టు పట్టుదలగా వెలికితీసి కేసు వేస్తే గాని అది జరగలేదు.

నిందితుడి స్థానంలో మనమున్నప్పటి కథ ఇది. బాధితుల స్థానంలో ఉన్నప్పుడు? వాకపల్లి పేరు చెబితే చాలు. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు చెప్పారు. విచారణ జరగాలా వద్దా అన్నది తేలడానికే సుప్రీంకోర్టు దాకా వెళ్లి పదేళ్లు పట్టింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని అదే తీర్పు చెప్పింది. ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. పరిహారం ఎందుకిమ్మన్నట్టు, శిక్ష ఎందుకు లేనట్టు? ఆ తల్లులు పదహారేళ్లు ఒకే మాట మీద నిలబడ్డారు. దాని మీద ఇంకేమీ చెప్పను.

ఇప్పుడు శిక్ష ఖరారు చేసే రోజు గురించి. నేరం రుజువైందని చెప్పాక, శిక్ష ఎంత అన్నది నిర్ణయించే ముందు జడ్జి ముద్దాయిని అడగాలి. చట్టంలో ఉన్న హక్కు అది. మన దేశంలో ఏ నేరానికి ఎంత వేయాలో చెప్పే శిక్షల మార్గదర్శకాలు లేవు. ఇలాంటివి కావాలని మలిమత్ కమిటీ 2003లోనే చెప్పింది, జరగలేదు. కాబట్టి ఆ రోజు కోర్టు ముందు ఏ కాగితాలున్నాయన్నదే ముఖ్యం.

2015 మే 6న ముంబైలో ఒక పెద్ద సినిమా హీరోకు, ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న మనిషి చనిపోయిన కేసులో, ఐదేళ్ల శిక్ష వేశారు. శిక్ష మీద వాదనలప్పుడు ఆయన ఆరోగ్యం, ఆయన దానధర్మాలు కోర్టు ముందు పెట్టారు. అదే రోజు సాయంత్రానికి హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. డిసెంబరులో నిర్దోషి అంది. తీర్పు తప్పో ఒప్పో నేను చెప్పను. మధ్యాహ్నం శిక్ష, సాయంత్రం బెయిలు, ఆ వేగం చూడండి. మన ఓబుళాపురం గనుల కేసు చూడండి. సీబీఐ 2009లో కేసు పెడితే తీర్పు 2025 మే నెలలో వచ్చింది. ఏడేళ్ల శిక్ష పడితే నెల దాటిన కొద్ది రోజులకే హైకోర్టు దాన్ని నిలిపి బెయిలు ఇచ్చింది. మధ్యలో 2012లో ఆ కేసులో బెయిలు కోసం ముడుపులు తీసుకున్నారన్న ఆరోపణ మీద ఒక సీబీఐ కోర్టు జడ్జినే సస్పెండ్ చేశారు. ఆలస్యం కూడా ఉన్నవాడికి ఒక రకం, లేనివాడికి ఇంకో రకం. వాళ్లకు ఆలస్యం బయట గడుస్తుంది. మనకు లోపల గడుస్తుంది.

మనవాణ్ణి అదే ప్రశ్న అడిగితే ఏమంటాడు? 'నాకేం తెలీదు బాబూ, ఇంట్లో పిల్లలున్నారు' అంటాడు. అదీ తెలుగులో అడిగితే, వాడికి తెలుగు వస్తే. ఆ రోజు కోర్టు ముందుకు మనం ఏమి తీసుకెళ్లగలం? హెడ్‌మాస్టరు ఇచ్చిన నడవడిక సర్టిఫికెట్, గ్రామసభ తీర్మానం, తల్లి వికలాంగ ధ్రువపత్రం, ఇంట్లో సంపాదించేవాడు అతనొక్కడే అన్న రుజువు. మధ్య రకం బరువు కేసులో ఏడాదికీ ఎనిమిదేళ్లకూ తేడా తేవడానికి ఇవే ఆధారం. గంజాయి కాకుండా వేరే చిన్న కేసుల్లో 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. ఇరవయ్యొక్కేళ్లు నిండని వాళ్లను, యావజ్జీవం పడని నేరాల్లో, కారణం రాయకుండా జైలుకు పంపకూడదని 6వ సెక్షన్ అంటోంది. అడిగే లాయరు ఉండాలి.

పనిలో పనిగా ఇంకో హెచ్చరిక. అటవీ కేసు, నాటుసారా కేసు, కొట్లాట కేసు వస్తే 'నేరం ఒప్పేసుకో, ఐదొందలు ఫైను కట్టి పోదువు' అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ రోజుకు పని అయిపోతుంది. కానీ ఒప్పుకుంటే అది నేరం రుజువైనట్టు రికార్డులో ఉంటుంది. రేపు కానిస్టేబుల్ పోస్టుకో, టీచరు పోస్టుకో వెళితే పోలీసు వెరిఫికేషన్లో ఆ కాగితం లేస్తుంది. లాయరుతో మాట్లాడకుండా ఏదీ ఒప్పుకోవద్దు. చదవలేని కాగితం మీద సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు. అధికారుల ముందు ఒప్పుకున్నావని రాసుకున్నా, ఎన్డీపీఎస్ కేసుల్లో అది సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక వింత సంగతి చెబుతాను. 2025 నవంబరు 6న సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు ఇచ్చింది. ఎవరినైనా అరెస్టు చేస్తే ఎందుకు చేశారో రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వెంటనే కుదరకపోతే, రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలి. అన్ని నేరాలకూ ఇదే సూత్రమంది. ఈ తీర్పు ఎవరి కేసులో వచ్చింది? ముంబై వర్లీలో బీఎండబ్ల్యూ కారు ఢీకొని ఒక మహిళ చనిపోయిన కేసులో నిందితుడైన యువకుడి కేసులో. రాజకీయ నాయకుడి కొడుకు. ఖరీదైన లాయర్లు వాదించి గెలిచిన హక్కు అది. దాన్ని మనం వద్దంటామా? అర్థమయ్యే భాష అన్నారు కదా. మనకు అర్థమయ్యే భాష కువి, కోయ, ఆదివాసీ ఒడియా. ఆ హక్కును అందరికన్నా ఎక్కువగా వాడుకోవాల్సింది మనం. కువి నుంచి తెలుగుకు, తెలుగు నుంచి కువికి మార్చి చెప్పగల చదువుకున్న పిల్లలు ఈ గుంపులోనే పదిమంది ఉన్నారు. కోర్టులో దుబాసీ కావాలని అడగండి. ఆ దుబాసీ మీరే కావచ్చు.

లాయరు లేడని దిగులు పడేవాళ్లకు ఒక మాట. న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగల వాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయ పరిమితి లేదు. అరుణాచల్ ప్రదేశ్‌లో లాయరు లేకుండా విచారణ జరిపి శిక్ష వేస్తే, 1986లో సుక్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దుచేసింది. ముద్దాయి అడగలేదు కాబట్టి ఇవ్వలేదంటే కుదరదు, కోర్టే చెప్పాలి అంది. ఉచిత లాయర్లందరూ గొప్పవాళ్లని నేను హామీ ఇవ్వలేను. కేసు పట్టించుకోకపోతే మార్చమని అడగవచ్చు. వెంటపడాలి. విశాఖకు బస్సెక్కి వెళ్లి వాయిదాకు నిలబడాలి. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఆ ఒక్క పని చేస్తే సగం కేసులు కదులుతాయి. మీలో డిగ్రీ అయినవాళ్లు లాసెట్ రాయండి. పారాలీగల్ వాలంటీరుగా చేరడానికి లా డిగ్రీ కూడా అక్కర్లేదు.

మొదటిసారి కేసులో ఉన్నవాడు, పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే, వేరే కేసులు లేకపోతే, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కింద వదలాలి. మిగతావాళ్లకు సగం. కొత్త చట్టానికి ముందు పెట్టిన కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. గంజాయి కేసుల్లో 37వ సెక్షన్ ఉన్నా, ఏళ్ల తరబడి విచారణ సాగకపోతే బెయిలు ఇవ్వవచ్చని 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో ఇదే కోర్టు చెప్పింది. ఏడేళ్లకు పైగా లోపలున్న యువకుడి కేసు అది. మీవాడు ఎన్ని నెలలుగా ఉన్నాడో లెక్కపెట్టండి, ఈ రెండు పేర్లూ లాయరుకు చెప్పండి.

భోజనాల తర్వాత వేదిక పక్కనున్న చెట్టు కింద కూర్చుంటాను. ఇంట్లోవాళ్లు జైలులో ఉంటే ఎఫ్‌ఐఆర్ కాపీ, రిమాండు తేదీ, వయసుకు సంబంధించిన ఏ కాగితమైనా తీసుకుని రండి. ఎఫ్‌ఐఆర్ లేకపోతే స్టేషన్ పేరు, కేసు నంబరు చెప్పినా చాలు. ఉచిత న్యాయ సహాయం ఫోను నంబరు 15100, రాసుకోండి. వచ్చేటప్పుడు కువి మాట్లాడగలిగిన ఇద్దరు పిల్లల్ని నాతో కూర్చోబెట్టమని నిర్వాహకులను అడిగాను.